చందుర్తి ఎక్కడ దొరుకుతుంది? – విశ్వవిద్యాలయ సమాచార సాంకేతిక వనరులు, తెలుగు పరిశోధన: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

విశ్వవిద్యాలయాల్లో సమాచార సాంకేతిక వనరుల బాధ్యతాయుత వినియోగం అనగానే పాస్‌వర్డుల గోప్యత, గ్రంథచౌర్య నివారణ, నెట్‌వర్కు దుర్వినియోగం వంటి వినియోగదారుని నియమాలే చర్చకు వస్తాయి. ఆ వనరులను నిర్వహించే సంస్థ బాధ్యత అంతగా చర్చకు రాదు. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని చందుర్తి అనే ఒక్క స్థలనామాన్ని ఆధారంగా తీసుకుని, తెలుగు సిద్ధాంతగ్రంథాలు, స్కానింగ్ పుస్తకాలు, మౌఖిక సాక్ష్యాలు గత మూడు దశాబ్దాలలో కంప్యూటరులోకి ఎలా చేరాయో, చేరిన తరువాత తిరిగి ఎంతవరకు దొరుకుతున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చందుర్తి, సిరిసిల్ల, సిద్ధాంతగ్రంథాలు, అను ఫాంట్లు, యూనికోడ్, శోధ్‌గంగ, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం:

తెలుగు నేల చరిత్రలో చందుర్తి పేరు రెండు చోట్ల కనిపిస్తుంది. మొదటిది గొల్లప్రోలు సమీపంలోని చందుర్తి. 1758 డిసెంబరులో కర్నల్ ఫోర్డ్ నాయకత్వంలోని ఆంగ్లేయ సైన్యం, విజయనగర ప్రభువు ఆనంద గజపతి బలగాలతో కలిసి ఫ్రెంచివారిని ఓడించిన యుద్ధక్షేత్రం అది. ఇంగ్లీషు గ్రంథాలలో అది ‘కాండూర్’ అనే పేరుతో నమోదైంది. రెండవది వేములవాడకు సమీపంలోని చందుర్తి. ఇది ఒకప్పటి సిరిసిల్ల తాలూకాలోనిది. 1985లో మండల వ్యవస్థ వచ్చాక కరీంనగర్ జిల్లాలో మండల కేంద్రమైంది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరింది. అదే సందర్భంలో రుద్రంగి దీని నుండి విడిపోయి వేరే మండలమైంది.

ఈ రెండవ చందుర్తి గురించి పరిశోధించదలచిన విద్యార్థి నేడు గ్రంథాలయానికి వెళ్ళడానికి ముందే కంప్యూటరు ముందు కూర్చుంటాడు. రోమన్ లిపిలో వెదికితే పేరు రెండు మూడు వర్ణక్రమాలుగా చీలిపోతుంది. తెలుగులో వెదికితే 1758 నాటి యుద్ధం ముందుకు వస్తుంది. సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల రైతాంగ పోరాటం ఆధునిక తెలంగాణ చరిత్రలో ముఖ్యఘట్టం. 1978 సెప్టెంబరు 7 నాటి జగిత్యాల జైత్రయాత్ర, ఆ తరువాత అక్టోబరులో ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రభుత్వం ప్రకటించడం సుప్రసిద్ధాలు. అయినా ఆ కాలపు పల్లెల పేర్లు తెలుగు అక్షరాలలో వెదికినప్పుడు సిద్ధాంతగ్రంథాల నుండి పైకి రావడం అరుదు. విషయంపై పరిశోధన జరగకపోవడమొక్కటే దీనికి కారణమనుకోవడం పొరపాటు. రాసిన గ్రంథం కూడా దొరకని స్థితి ఒకటి ఉంది. దాని చరిత్రే ఇక్కడ పరిశీలనాంశం.

2. యంత్రం ప్రవేశం:

భారతీయ విద్యాసంస్థలను కలిపే ఎర్నెట్ 1986లో మొదలైంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను అనుసంధానించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ 1991లో యూజీసీ పథకంగా ఆరంభమై 1996లో స్వతంత్ర అంతర్ విశ్వవిద్యాలయ కేంద్రమైంది. కరీంనగర్ ప్రాంత కళాశాలలు ఆ రోజుల్లో 1976లో వరంగల్లులో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయ పరిధిలో ఉండేవి. 2007లో కొండగట్టు సమీపంలోని నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల, 2008లో కరీంనగర్‌లో శాతవాహన విశ్వవిద్యాలయం వచ్చాయి. అదే 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, పదవ తరగతి మార్కుల ఆధారంగా గ్రామీణ విద్యార్థులను చేర్చుకుని, లాప్‌టాప్ ద్వారా బోధన సాగించే పద్ధతిని బాసరలోనూ ఇతర ప్రాంగణాలలోనూ ప్రవేశపెట్టింది. పల్లె విద్యార్థి చేతికి సొంత యంత్రం ఇవ్వడం ఆనాటికి పెద్ద ఊహ. ఇంజనీరింగ్ విద్యకు సంబంధించినంతవరకు ఈ మార్పు త్వరగానే జరిగింది. మానవీయ శాస్త్రాల పరిశోధకునికి కంప్యూటరు చేరిన దారి వేరు. అది విశ్వవిద్యాలయం గుండా రాలేదు, డీటీపీ సెంటరు గుండా వచ్చింది.

3. డీటీపీ సెంటరు – అను ఫాంట్లు:

1990ల నుండి తెలుగు సిద్ధాంతగ్రంథం తయారయ్యే పద్ధతి తెలుగు శాఖల వారందరికీ పరిచితమే. పరిశోధకుడు చేతితో రాసిన ప్రతిని డీటీపీ సెంటరుకు ఇస్తాడు. ఆపరేటరు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో టైపు చేస్తాడు. ప్రూఫులు దిద్దడం, మళ్ళీ ప్రింటు తీయడం, బైండింగు వరుసగా సాగుతాయి. నాలుగైదు ప్రతులు విశ్వవిద్యాలయానికి వెళతాయి. ఫైలు మాత్రం సెంటరు కంప్యూటరులోనే ఉండిపోతుంది, లేదా ఒక సీడీలో పరిశోధకుని బీరువాకు చేరుతుంది. పేరు పరిశోధకునిది, పట్టా విశ్వవిద్యాలయానిది, ఫైలు మాత్రం ఎవరి బాధ్యతా కాదు.

ఈ ఫాంట్ల నిర్మాణాన్ని కొంచెం వివరంగా చూడవలసి ఉంది. అను, శ్రీలిపి, ఆకృతి వంటివి అచ్చు అవసరం కోసం పుట్టినవి. వాటిలో తెలుగు అక్షరానికి సొంత సంకేతం లేదు. రోమన్ అక్షరాలకు, విరామ చిహ్నాలకు కేటాయించిన స్థానాలలోనే తెలుగు అక్షరభాగాల బొమ్మలను అమర్చారు. తలకట్టు ఒక స్థానంలో, గుడి ఒక స్థానంలో, ఒత్తు మరొక స్థానంలో ఉంటాయి. తెరమీద ‘చందుర్తి’ అని చక్కగా కనిపించే మాట, ఫైలులో కొన్ని రోమన్ అక్షరాలు, ఐరోపా గుర్తుల కలగలుపుగా నిలిచి ఉంటుంది. ఫాంటు లేని యంత్రంలో దానిని తెరిస్తే ఆ కలగలుపే బయటపడుతుంది. ఒక సంస్థ ఫాంటులో టైపు చేసినది మరొక సంస్థ ఫాంటులో చదవడానికి పనికిరాదు. కొన్నిసార్లు ఒకే ఫాంటు రెండు కూర్పుల మధ్య కూడా తేడా ఉంటుంది.

దీనికి ప్రత్యామ్నాయం అప్పటికి లేదని అనడానికి వీలులేదు. భారతీయ లిపులన్నింటికీ ఉమ్మడి సంకేతపద్ధతియైన ఇస్కీని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఆమోదించింది. అదే సంవత్సరం వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు చేరింది. పోతన, వేమన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభించాయి. అయినా డీటీపీ సెంటర్లు పేజ్‌మేకర్‌ను వదలలేదు. అందుకు ఆపరేటర్లను తప్పుపట్టడం న్యాయం కాదు. పేజ్‌మేకర్‌లో తెలుగు యూనికోడ్ సరిగా అమరదు, అచ్చు యంత్రాలకు అలవాటైన ఫైలు వేరు, యూనికోడ్ ఫాంట్లలో అందమైన అచ్చు రూపాలు అప్పటికి బహుకొద్ది. సిద్ధాంతగ్రంథం అందంగా కనిపించాలని పరిశోధకుడూ పర్యవేక్షకుడూ కోరుకున్నారు. దానిని వెదకవలసిన వాడు ఒకడు భవిష్యత్తులో ఉంటాడన్న ఆలోచన ఎవరి నియమావళిలోనూ లేదు. కాగితం కొలత, అంచు, వరుసల మధ్య ఖాళీ, అట్ట రంగు మీద నియమాలు పెట్టిన విశ్వవిద్యాలయాలు అక్షరం ఏ సంకేతంలో ఉండాలో చెప్పడం అవసరమనుకోలేదు.

కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు పదవ శతాబ్దిలో చెక్కించిన కందపద్యాలను లిపి తెలిసినవారు నేటికీ చదువుతున్నారు. అదే జిల్లాలో పాతికేళ్ళ కింద తయారైన పేజ్‌మేకర్ ఫైలును తెరవడానికి పాత యంత్రం కోసం వెతుక్కోవలసి వస్తుంది.

4. శోధ్‌గంగ – శాతాల లెక్క:

2009 నాటి యూజీసీ నిబంధనలు సిద్ధాంతగ్రంథ చరిత్రలో పెద్ద మలుపు. పట్టా ప్రకటించిన ముప్పై రోజులలోగా గ్రంథపు సాఫ్ట్‌కాపీని విశ్వవిద్యాలయం పంపాలని, అది అందరికీ అందుబాటులో ఉండాలని అవి నిర్దేశించాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధ్‌గంగ ఆ విధంగా దేశంలోనే అతిపెద్ద సిద్ధాంతగ్రంథ భాండాగారమైంది. చందుర్తి నుండి వరంగల్లుకో హైదరాబాదుకో బస్సెక్కి, గ్రంథాలయాధికారి అనుమతితో మాత్రమే చూడగలిగిన గ్రంథాన్ని ఇంటివద్దనే చదివే అవకాశం ఇది. దీని విలువను తక్కువ చేయలేము.

అయితే తెలుగు గ్రంథాలు ఇందులో చేరిన రూపమే సమస్య. కొన్ని అను ఫాంటులోని పీడీఎఫ్‌లు, కొన్ని బైండింగు ప్రతిని స్కాన్ చేసిన బొమ్మలు. రెండూ కంటికి తెలుగే. వెదికే యంత్రానికి మొదటిది అర్థంలేని రోమన్ వరుస, రెండవది వట్టి చిత్రం. అందువల్ల గ్రంథంలో వందసార్లు వచ్చిన ఊరి పేరు కూడా దొరకదు. శీర్షిక, రచయిత, పర్యవేక్షకుడు, శాఖ, కొన్ని కీలకపదాలు మాత్రమే ఆధారం. ఆ వివరాలు ఎక్కువగా రోమన్ లిపిలో ఉంటాయి. అవి నింపేవారు ఊరి పేరు ఎలా రాస్తే అదే ఆ గ్రంథపు చిరునామా.

2018 జూలైలో వెలువడిన గ్రంథచౌర్య నివారణ నిబంధనలతో ఈ లోపం కొత్త రూపం దాల్చింది. పది శాతం వరకు సారూప్యత ఉంటే శిక్ష లేదు. పది నుండి నలభై వరకు ఉంటే ఆరు నెలలలోగా సవరించిన ప్రతి ఇవ్వాలి. నలభై నుండి అరవై వరకు ఉంటే సంవత్సరం పాటు ఆ సవరించిన ప్రతిని కూడా ఇవ్వరాదు. అరవై దాటితే నమోదు రద్దు. 2019లో శోధ్‌శుద్ధి పేరిట విశ్వవిద్యాలయాలకు సాఫ్ట్‌వేరు కూడా సమకూరింది. ఇంగ్లీషు గ్రంథం విషయంలో ఈ లెక్కకు కొంత అర్థముంది. పోల్చదగిన తెలుగు పాఠం యంత్రానికి అందనప్పుడు తెలుగు గ్రంథానికి వచ్చే తక్కువ శాతం నిజాయితీకి రుజువు కాజాలదు. పాత గ్రంథం అను ఫాంటులోనో బొమ్మగానో ఉంటే దాని నుండి పుటలకు పుటలు ఎత్తి రాసినా యంత్రం పట్టుకోలేదు. శ్రమపడి రాసిన విద్యార్థికీ, నకలు తీసిన విద్యార్థికీ ఒకే ధ్రువపత్రం చేతికి వస్తుంది. ఇందులో నష్టపోయేది మొదటివాడే. అతని గ్రంథం నుండి రేపు మరొకరు ఎత్తుకున్నా ఆ సంగతి బయటపడదు.

ఆ నిబంధనలలోనే మరొక అంశం తెలుగు శాఖల దృష్టికి రావలసి ఉంది. సర్వసామాన్య పరిజ్ఞానం, యాదృచ్ఛికంగా కలిసే పదాల విషయంలో వరుసగా పద్నాలుగు పదాల వరకు మినహాయింపు ఉంది. విభక్తులు, క్రియారూపాలు మాటలోనే కలిసిపోయే తెలుగులో పద్నాలుగు పదాలంటే ఒక్కోసారి రెండు పూర్తి వాక్యాలు. ఇంగ్లీషు కొలతను యథాతథంగా తెలుగుకు పెట్టడం వల్ల వచ్చిన వెసులుబాటు ఇది. దీనిని గురించి భాషాశాస్త్రజ్ఞులు మాట్లాడవలసింది.

ఆ నిబంధనలు సంస్థల మీద కూడా బాధ్యత పెట్టాయి. ప్రతి విద్యాసంస్థ తన సిద్ధాంతగ్రంథాలు, ప్రచురణలతో సొంత భాండాగారాన్ని నెలకొల్పుకోవాలని అవి చెప్పాయి. విద్యార్థికి శాతాల పట్టిక కంఠస్థమైంది. సంస్థకు సంబంధించిన ఈ నిబంధన మాత్రం సెమినార్లలో అంతగా వినిపించదు.

5. డిజిటల్ లైబ్రరీ అనుభవం:

నిర్వహణ బాధ్యత మరచిపోతే ఏమవుతుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చెబుతుంది. రాజ్ రెడ్డి ప్రేరణతో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ మొదలైనవి చేపట్టిన ఈ పథకంలో వేల కొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. వాటి శీర్షికలు రోమన్ లిపిలో, తరచు తప్పులతో నమోదయ్యాయి. పుస్తకం ఉందని తెలిసినవారికి తప్ప తెలియనివారికి దొరకని స్థితి అప్పుడూ ఉంది. ఆ జాబితాలను తెలుగు లిపిలో క్రమపరచే పనిని 2014 ప్రాంతంలో తెలుగు వికీపీడియా కార్యకర్తలు స్వచ్ఛందంగా చేపట్టారు.

తరువాత కొన్నేళ్ళకే కాపీహక్కుల కారణంగా ఆ సైటు మూతపడింది. భారతీయ చట్టం ప్రకారం రచయిత మరణానంతరం అరవై ఏళ్ళ వరకు హక్కు ఉంటుంది. స్కానింగు సమయంలోనే ఈ లెక్క చూసి విడదీసి ఉంటే, హక్కులు తీరిన పుస్తకాలైనా నిలిచేవి. అంతకుముందే ఇతరులు నకళ్ళను ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చడం వల్ల చాలా పుస్తకాలు నేటికీ చదవగలుగుతున్నాము. పాదసూచికలో పాత సైటు చిరునామా ఇచ్చిన సిద్ధాంతగ్రంథాల ఆధారాలు మాత్రం తెగిపోయాయి.

6. మౌఖిక సాక్ష్యాలు:

సిరిసిల్ల ప్రాంత చరిత్రకు సంబంధించి మిగిలిన అత్యంత విలువైన వనరు మనుషుల జ్ఞాపకం. 1978లో ఇరవై ఏళ్ళున్నవారు నేడు డెబ్బైకి చేరువలో ఉన్నారు. వారిని కలిసే పరిశోధకుడు ఒకప్పుడు టేపురికార్డరు తీసుకువెళ్ళేవాడు, ఇప్పుడు ఫోనులో రికార్డు చేస్తున్నాడు. సిద్ధాంతగ్రంథం అనుబంధంలో ‘ముఖాముఖి’ అని ఒక పంక్తి, పేరు, ఊరు, తేదీ ఉంటాయి. ధ్వని మాత్రం ఎక్కడా ఉండదు. ఫోను మారినప్పుడు, సొంత ఈమెయిలు ఖాతాలో స్థలం నిండినప్పుడు అది పోతుంది. ఆ సాక్ష్యాన్ని పరిశీలించాలనుకునే తరువాతి పరిశోధకునికి పరిశోధకుని మాట తప్ప వేరే ఆధారం లేదు.

ఇక్కడ భద్రపరచడం ఎంత ముఖ్యమో గోప్యత కూడా అంతే ముఖ్యం. కేసులు, నిర్బంధం, ఊరిలోని పాత కక్షలు కలగలిసిన కాలపు సంగతులు చెప్పేవారు అందరి చెవినీ ఉద్దేశించి చెప్పరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పరిశోధన, చారిత్రక భద్రత అవసరాలకు షరతులతో మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు వర్తించాలంటే సమాచారాన్ని నిర్దేశిత ప్రమాణాల ప్రకారం నిర్వహించాలి. పరిశోధకుని సొంత ఫోను అటువంటి చోటు కాదు.

విశ్వవిద్యాలయ సర్వరులో ఒక చోటు, ఆ చోటుకు ఒక బాధ్యుడు, ధ్వనితోపాటు చెప్పినవారి సమ్మతి పత్రం, ఎన్నేళ్ళ తరువాత ఎవరు వినవచ్చునన్న షరతు ఉండాలి. ఊరి పేరును తెలుగు యూనికోడ్‌లో, 1978 నాటి తాలూకాతోను నేటి మండలంతోను కలిపి నమోదు చేయాలి. గొల్లప్రోలు దగ్గరి యుద్ధభూమి నుండి వేములవాడ దగ్గరి చందుర్తిని వేరుచేసి చూపడానికి ఆ ఒక్క వరుస సరిపోతుంది.