ఏటేటా కొత్త రేసు కారు

రేడియో కంట్రోల్‌తో నడిచే చిన్న కార్ల పందేలు 1960ల రెండో సగంలో మొదలయ్యాయి. 1966లో ఇటలీకి చెందిన ఎలెట్రోనికా జొకట్టోలి కంపెనీ ఫెరారీ 250 ఎల్ఎం కారును అసలులో 12వ వంతు సైజులో, రేడియోతో నడిచేలా చేసి అమ్మింది. ఆ దశాబ్దం ముగిసేలోపే అమెరికాలో, బ్రిటన్‌లో 8వ వంతు సైజు కార్లకు మోడల్ విమానాల ఇంజన్లు బిగించి పందేలు వేయడం అలవాటైంది. 1967లో అమెరికాలో రోర్ అనే సంఘం పుట్టి ఈ పోటీలకు నియమాలు రాసింది. 1977లో కాలిఫోర్నియాలోని పొమోనాలో మొదటి ప్రపంచ పోటీ జరిగింది. మరో రెండేళ్లకు అంతర్జాతీయ సంఘం ఇఫ్మార్ ఏర్పడింది. అప్పటి రేసు కార్లు ఎక్కువగా చిన్న వర్క్‌షాపుల్లో తయారయ్యేవి. అల్యూమినియం రేకు కోసి, రంధ్రాలు వేసి, తమ కారు తామే చేసుకున్నవాళ్లు కూడా తక్కువేం కాదు. ఈ ఏడాది మోడల్, పోయిన ఏడాది మోడల్ అనే మాట అక్కడ ఇంకా పుట్టలేదు.

ఈ పందేలను లక్షల ఇళ్లకు చేర్చింది జపాన్‌లోని షిజుఓకా నగరంలో ఉన్న టామియా కంపెనీ. ప్లాస్టిక్ నమూనాలకు పేరుపడ్డ ఈ కంపెనీ పోర్షే 934 కారును 12వ వంతు సైజులో అద్దాల బీరువాలో పెట్టుకునే బొమ్మగా చేయాలనుకుంది. అసలు కారు లోపల ఏముందో తెలియాలి కాబట్టి కంపెనీకి చెందిన షున్‌సాకు టామియా ఒక పోర్షే 911 కొనుక్కొచ్చి, భాగాలన్నీ ఊడదీయించి కొలతలు తీయించాడు. అంత వివరంగా ఉక్కు అచ్చులు చెక్కడానికి ఖర్చు విపరీతంగా అయింది. బొమ్మగా మాత్రమే అమ్మితే ఆ డబ్బు తిరిగి వచ్చేలా లేదు. అందుకే అదే బాడీ కింద మోటారు, బ్యాటరీ పట్టే చాసిస్ పెట్టి, 1976 చివర్లో రేడియో కంట్రోల్ కారుగానూ విడుదల చేశారు. ధర 9,800 యెన్లు. ఏడాది తిరిగేసరికి లక్షకు పైగా అమ్ముడుపోయాయి.

ఈ కార్ల ధరల చరిత్రకంతటికీ మూలం ఆ ఉక్కు అచ్చుల్లో ఉంది. అచ్చు చేయించడానికి పెట్టుబడి పెద్దది. ఒకసారి చేయించాక దానిలోంచి వచ్చే ఒక్కో ప్లాస్టిక్ ముక్కకూ అయ్యే ఖర్చు చాలా తక్కువ. కాబట్టి తయారీదారుకు లాభం ఒకే కారును ఎక్కువ ఏళ్లు, ఎక్కువ మందికి అమ్మడంలో ఉంటుంది. 1984లో టామియా తెచ్చిన గ్రాస్‌హాపర్ ఇందుకు చక్కని ఉదాహరణ. ఆ పెట్టెలో మోటారు, టైర్లు, బాడీ అన్నీ ఉండేవి. రేడియో, బ్యాటరీ, చార్జర్ కొనుక్కుంటే బడి పిల్లవాడు కూడా ఆదివారం మధ్యాహ్నానికి కారు బిగించి మట్టిలో తోలగలిగేవాడు. అదే ఏడాది వచ్చిన హార్నెట్ ఇంకాస్త పెద్ద మోటారుతో దాదాపు అవే భాగాల మీద నిలబడింది. ఒక అచ్చు రెండు కార్లకు అన్నం పెట్టింది.

అదే 1984లో కాలిఫోర్నియాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రిక్స్ ఆర్‌సీ10 అనే, మట్టిలో పరిగెత్తే బగ్గీని విడుదల చేసింది. రోజర్ కర్టిస్ రూపకల్పన చేసిన ఈ 10వ వంతు సైజు కారు బొమ్మల కంపెనీ నుంచి కాక రేసు వర్క్‌షాపు నుంచి వచ్చింది. పడవ అడుగులా అంచులు పైకి మడిచిన, బంగారు రంగు అల్యూమినియం చాసిస్ దాని గుర్తు. 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో ఎలక్ట్రిక్ ఆఫ్‌రోడ్ కార్లకు మొదటి ప్రపంచ పోటీ జరిగినప్పుడు టూ వీల్ డ్రైవ్ విభాగంలో జే హాల్సీ గెలిచింది ఈ కారుతోనే. బొమ్మ కారు, రేసు కారు వేర్వేరు దారులు పట్టింది ఇక్కడినుంచే. అయినా ఆర్‌సీ10 కొన్నవాడికి అది దీర్ఘకాలం పనికొచ్చింది. మధ్యలో చాసిస్, సస్పెన్షన్ భాగాలు మారుతూ వచ్చినా, దాని అసలు వారసుడు బీ2 రావడానికి 1995 దాకా పట్టింది. పదేళ్లకు పైగా ఒకే కారు, దాదాపు ఒకే రకం విడిభాగాలు. ఈ ఆటకు ఇంతకంటే మంచి కాలం మళ్లీ రాలేదనే చెప్పాలి.

అలాగని ఆ రోజుల్లో పందెం చవక అనుకోకూడదు. కారు నిలకడగా ఉంటే డబ్బు బ్యాటరీల్లోకి, మోటార్లలోకి పోయింది. పోటీ నాలుగు నిమిషాలది, తర్వాత ఐదు నిమిషాలది. 1980ల మధ్యలో వాడిన నికెల్ కాడ్మియం బ్యాటరీ 1200 మిల్లీయాంపియర్ అవర్లకు మించేది కాదు. వేగం పెంచుకుంటే కారు చివరి రౌండులో నిలిచిపోతుంది. నిదానంగా తోలితే పక్కవాడు దాటిపోతాడు. ఆరు సెల్లులు కలిపితే ఒక బ్యాటరీ. అందులో ఒక్క సెల్లు బలహీనమైనా మిగతా ఐదింటి బలం వృథా. అందుకని సెల్లులను పరీక్షించి జత కట్టడం ఒక వ్యాపారమైపోయింది. ఒక్కో సెల్లును యంత్రానికి తగిలించి, స్థిరమైన కరెంటుతో 0.9 వోల్టులకు దిగేదాకా ఖాళీ చేసి, ఎన్ని సెకన్లు పట్టిందో, సగటు వోల్టేజి ఎంతో చిన్న లేబుల్ మీద అచ్చువేసి సెల్లు ఒంటికి అంటించేవారు. దగ్గరి అంకెలున్న ఆరింటిని ఏరి సెట్టుగా అమ్మేవారు. ఫ్యాక్టరీలో అన్నీ ఒకే ధరకు పుట్టిన సెల్లులే, లేబుల్ పడగానే కొన్ని మేలుజాతివయ్యాయి. 1990లలో 1700, తర్వాత 2400, 2000 ప్రాంతంలో నికెల్ మెటల్ హైడ్రైడ్ రకంలో 3000, ఆపైన 4000 దాటిన సెల్లులు వచ్చాయి. కొత్తది వచ్చిన ప్రతిసారీ అప్పటిదాకా దాచుకున్న సెట్లు ప్రాక్టీసుకే మిగిలేవి.

మోటారు సంగతీ అంతే. మిక్సీ మోటారులో ఉన్నట్టే వీటిలోనూ కార్బన్ బ్రష్‌లు తిరిగే రాగి కమ్యుటేటర్‌ను రాసుకుంటూ ఉండేవి. కొన్ని పందేలు అయ్యేసరికి ఆ రాగి మీద నల్లటి గాడి పడి వేగం తగ్గేది. పట్టు ఉన్న రేసర్లు టేబుల్ మీద అరచేతిలో పట్టేంత లేత్ పెట్టుకుని, మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్‌ను అందులో తిప్పుతూ, వెంట్రుక కంటే సన్నగా రాగి పొర తీసేవారు. పొర చుట్టలు చుట్టుకుని రాలుతుంటే కింద రాగి మళ్లీ అద్దంలా మెరిసేది. ఆ తర్వాత కొత్త బ్రష్‌లు, కొత్త స్ప్రింగులు. ఈ లేత్, బ్రష్‌లు, సెల్లులను పరీక్షించే యంత్రం కలిపితే కారు ధరను మించిపోయేది. గెలుపు చేతిలోని నేర్పుది ఎంత, టేబుల్ మీద పరిచిన సామానుది ఎంత అనే వాదం అప్పుడే మొదలైంది.

1990లలో గట్టి నేల మీద పరిగెత్తే టూరింగ్ కార్లు ప్రజాదరణ పొందాయి. టామియా ఫోర్ వీల్ డ్రైవ్ ప్లాస్టిక్ చాసిస్‌ల మీద మామూలు కార్ల రూపాలు పెట్టి వీటిని పరిచయం చేసింది. పోటీ ముదిరేకొద్దీ ప్లాస్టిక్ తొట్టి స్థానంలో కార్బన్ ఫైబర్ పలకలు వచ్చాయి. కింద ఒక పలక, పైన సన్నటి పలక, మధ్యలో అల్యూమినియం దిమ్మలు. అసలు మలుపు ఇదే. కార్బన్ పలకకు ఉక్కు అచ్చు అక్కర్లేదు. కంప్యూటర్‌లో గీత మార్చితే మిషను మరునాడే కొత్త ఆకారం కోస్తుంది. పలక ఎంత వంగాలి, ఏ మూల ఎన్ని మిల్లీమీటర్లు తగ్గాలి అన్నది పోటీ మైదానంలోనే తేలుతుంది. కంపెనీ డబ్బిచ్చి నిలబెట్టిన డ్రైవర్లు శనివారం పరీక్షించిన మార్పు కొన్ని నెలల్లో పెట్టెలోకి ఎక్కుతుంది. అచ్చు తయారీదారును ఒకే మోడల్‌కు కట్టి ఉంచేది, పలక ఆ కట్టు విప్పేసింది. అదే పలక ధరనూ పెంచింది. కోతకు పట్టే సమయం ఒక్కో ముక్కకూ అంతే, ఎన్ని వేల ముక్కలు కోసినా అచ్చులోలా చవకైపోదు.

స్లొవేకియాకు చెందిన ఎక్స్‌రే కంపెనీ పేర్లు చూస్తే ఈ మార్పు కళ్లకు కడుతుంది. టీ4 అనే టూరింగ్ కారు 2013లో వచ్చింది. మరుసటి ఏడు టీ4'14, ఆ మరుసటి ఏడు టీ4'15, అలా పేరులోనే సంవత్సరం చేరింది. అందులో చాలా భాగాలు పాత కారువే. పలక, కొన్ని అల్యూమినియం ముక్కలు, కొలతలు మారతాయి. కానీ పేరులో ఏడాది అంకె ఉన్నప్పుడు నిన్నటి కారు తన పాతదనాన్ని దాచుకోలేదు, సెకండ్ హ్యాండ్ ధర పడిపోతుంది. ఇలాంటి పోటీ టూరింగ్ కిట్ ఇప్పుడు 600 డాలర్లకు పైనే. ఆ పెట్టెలో మోటారు ఉండదు, దాని వేగాన్ని అదుపు చేసే స్పీడ్ కంట్రోలర్ ఉండదు, టైర్లు, బాడీ కూడా ఉండవు. గ్రాస్‌హాపర్ పెట్టెను తెరిచిన తరానికి ఇది నమ్మశక్యం కాని విషయం.

ఆఫ్‌రోడ్ కార్లను మార్చింది నేల. తొలినాళ్ల బగ్గీ వదులు మట్టి మీద పరిగెత్తేది. బరువైన మోటారు వెనక ఇరుసు వెనకాల వేలాడితేనే చక్రాలకు పట్టు దొరికేది. క్లబ్బులు కార్పెట్ మీదికి, కృత్రిమ గడ్డి మీదికి మారాక పట్టు మరీ ఎక్కువైంది, మోటారు ఇరుసుకు ముందుకు రావలసి వచ్చింది. 2011లో ఫిన్లాండ్‌లోని వాసాలో ప్రపంచ పోటీ కృత్రిమ గడ్డి మీదే జరిగింది. అసోసియేటెడ్ బీ4 2003లో వచ్చి పదేళ్లు నిలిచిన కారు. 2013లో వచ్చిన బీ5ను మాత్రం వెనక మోటారుకు ఒకటి, మధ్య మోటారుకు ఒకటి, రెండు రూపాల్లో తేవలసి వచ్చింది. 2016లో బీ6, ఆపైన 6.1, 6.2, 6.3, 6.4, 2024లో బీ7. మట్టికి ఒక రూపం, కార్పెట్‌కు ఒక రూపం. రెండు రకాల ట్రాకుల్లో పోటీ చేసేవాడికి రెండు కార్లు కావాలి, లేదా రెండు కార్ల విడిభాగాలు కావాలి.

ఈ మధ్యలోనే ఖర్చు తగ్గించిన మార్పులూ వచ్చాయి. బ్రష్‌లు లేని మోటార్లు 2000ల నడుమ వ్యాపించి లేత్‌ను టేబుల్ మీదినుంచి దించేశాయి. లిథియం పాలిమర్ బ్యాటరీలు ఆ దశాబ్దం చివర్లో వచ్చి సెల్లులను జత కట్టే వ్యాపారాన్ని దాదాపు మూసేశాయి. కొంతకాలమే ఆ ఊరట. స్పీడ్ కంట్రోలర్ లోపలి సాఫ్ట్‌వేర్ మోటారు టైమింగును నడుస్తుండగానే ముందుకు జరిపి, నెమ్మది తరగతి మోటారునూ దౌడు తీయించడం మొదలైంది. కొత్త సాఫ్ట్‌వేర్ పట్టే కొత్త కంట్రోలర్ లేనివాడు వెనకబడ్డాడు. దానికి విరుగుడుగా సంఘాలు టైమింగు సున్నా ఉండాలని నియమం పెట్టాయి. ఆ స్థితిలో కంట్రోలర్ మీది చిన్న లైటు మిణుకుమిణుకుమంటుంది. తనిఖీ చేసేవాడు దూరం నుంచే చూసి చెప్పగలడు. ఇంత సులువుగా అమలైన నియమం ఈ ఆటలో మరొకటి లేదు.

టైర్లకూ ఇదే దారి పట్టారు. మెత్తటి రబ్బరు కొద్ది పందేల్లోనే అరిగిపోతుంది, కొత్త జత మీద కారు వేగమే వేరు. అందుకే పెద్ద పోటీల్లో అందరికీ ఒకే రకం టైర్లు, లెక్క ప్రకారం పంచే పద్ధతి వచ్చింది. మోటారు, బ్యాటరీ, టైరు ఇలా ఒక్కొక్కటీ నియమాల కిందికి వచ్చాయి. చాసిస్ జోలికి మాత్రం ప్రధాన తరగతుల్లో ఎవరూ పోలేదు. కొత్త పలక, కొత్త కొలత కనిపెట్టడమే ఈ పోటీకి ప్రాణమనుకునేవారు అందులో ఎక్కువమంది. కట్టడి కావాలనుకున్నవారు పక్కన వేరే తరగతులు పెట్టుకున్నారు. టామియా 2013లో తెచ్చిన టీటీ-02 ప్లాస్టిక్ చాసిస్ మీద ఎన్నో కార్ల బాడీలు అమ్ముడయ్యాయి, దానితోనే క్లబ్బులు తక్కువ ఖర్చు పోటీలు నడుపుతున్నాయి. అక్కడ మళ్లీ అచ్చుదే రాజ్యం.

పాత అచ్చులు కూడా బీరువాల్లోంచి బయటికొచ్చాయి. టామియా 2000ల నడుమ హార్నెట్‌ను, గ్రాస్‌హాపర్‌ను, 2010లో తన మరో పాత బగ్గీ శాండ్ స్కార్చర్‌ను తిరిగి విడుదల చేసింది. బీ5 వచ్చిన 2013లోనే అసోసియేటెడ్ తన తొలి ఆర్‌సీ10ను, బంగారు రంగు చాసిస్‌తో సహా, మళ్లీ పెట్టెలో పెట్టి అమ్మింది.