పెంట నుండి పంటకు: కృష్ణా డెల్టాలో ఎరువు చరిత్ర

'పెంట' అనే మాట నేడు మన నోట తిట్టుగా మిగిలింది. చెడిన పనిని 'పెంట అయింది' అంటాం. కాని రెండు మూడు తరాల క్రితం కృష్ణా డెల్టా రైతు ఇంట పెంట అంటే ఆస్తి. పెరటిలోని కుప్ప ఎంత ఎత్తు ఉన్నదో చూసి ఆ ఇంటి పాడి ఎంతో, సేద్యం ఎంతో ఇరుగుపొరుగువారు అంచనా కట్టగలిగేవారు. పెంట, పంట అనే రెండు మాటలు ప్రాసకోసమే జతపడలేదు. ఒకటి లేనిదే రెండవది లేదన్న అనుభవమే వాటిని జతపరచింది.

ఆస్తి తిట్టుగా ఎలా మారింది? ఇంటి పెరటిలో ఉండవలసిన కుప్ప ఊరి చివర గుట్టగా ఎందుకు పెరిగింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం. మనం ఈ చరిత్రలో బయటివారం కామన్న సంగతి కూడా ఈ సందర్భంలో విశదమవుతుంది.

ఆనకట్టకు ముందు, తరువాత

1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను కబళించిన కరువును ప్రజలు 'డొక్కల కరువు' అన్నారు. కృష్ణానదికి బెజవాడ వద్ద అడ్డుకట్ట వేయాలన్న ఆలోచన బలపడటానికి అటువంటి కరువులే కారణం. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో ప్రారంభమైన ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. కాలువలు పారాయి. మెట్ట పైర్లు వేసే భూములు మాగాణులయ్యాయి.

నీరు వచ్చిన తరువాత మరొక సమస్య తల ఎత్తింది. వరి విస్తరించినకొద్దీ పశువుల మేతబీళ్లు తగ్గాయి. డెల్టాలో అడవులు తక్కువ గనుక వంటచెరకు కొరత ఎప్పుడూ ఉన్నదే. అందువల్ల పేడలో గణనీయమైన భాగం పిడకలై పొయ్యిలోకి పోయింది. 1889లో మన దేశానికి వచ్చి వ్యవసాయాన్ని పరిశీలించిన జాన్ అగస్టస్ వోల్కర్ 1893లో ప్రచురితమైన తన నివేదికలో ఈ విషయాన్నే ప్రస్తావించాడు. భారతీయ రైతు పేడను కాల్చేది అజ్ఞానంవల్ల కాదు, కట్టెలు దొరకకపోవడంవల్లనే అని ఆయన నిర్ధారణ. అందుకే వంటచెరకు తోటలు పెంచమని ప్రభుత్వానికి సలహా ఇచ్చాడు. పేదవానిని నిందించక ముందు అతని పొయ్యి వైపు చూడాలన్న ఈ న్యాయదృష్టి గమనార్హం.

మిగిలిన పేడతోనే రైతు భూమిని నిలబెట్టుకున్నాడు. వరి కోసిన చేలో పిల్లిపెసర, జనుము చల్లాడు. చౌడు తగిలిన నేలలో జీలుగ వేసి పూతకు రాగానే కలియదున్నాడు. గొర్రెల కాపరులను పిలిచి రాత్రిపూట చేలో మంద కట్టించాడు. వేసవిలో చెరువు పూడిక తోలుకున్నాడు. పాడుబడిన పూర్వపు ఊళ్ల దిబ్బలనుండి 'పాటిమన్ను' కూడా బండ్లకెత్తాడు. ఎన్నో తరాల మనుషులు, పశువులు నివసించిన చోటు గనుక ఆ మట్టికి సారం ఎక్కువ. ఈ తవ్వకాలలో తెలుగునాట ప్రాచీన శిథిలాలు కొన్ని రూపుమాసిపోయాయన్నది చరిత్రకారులకు బాధ కలిగించే విషయమే. అయినా ఆ దిబ్బలు ఒక సత్యాన్ని చెబుతున్నాయి: మనిషి పారవేసినది ఎక్కడికీ పోదు, కాలం దానిని మన్నుగా మార్చి తిరిగి అతని చేతికే ఇస్తుంది.

ఫర్గానా నుండి సెవిల్ దాకా

ఎరువును నీచమైన వస్తువుగా చూడటం ఇస్లామీయ విద్యా సంప్రదాయంలో కనిపించదు. దైవప్రవక్త (స) సహచరులైన హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తమ పొలానికి మానవ మలాన్ని ఎరువుగా వాడేవారని ఒక ఉల్లేఖనం ఉంది. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) మాత్రం తమ భూమిని కౌలుకిచ్చేటప్పుడు దానిని వాడరాదని షరతు పెట్టేవారని మరొక ఉల్లేఖనం. అంటే ఈ విషయం తొలి తరంలోనే పరిశీలనకు వచ్చింది.

తరువాతి ఫుఖహాలు దీనిని మరింత వివరంగా చర్చించారు. మన ప్రాంతంలో అధిక సంఖ్యాకులు అనుసరించే హనఫీ మజ్‌హబ్ పశువుల పేడ అమ్మకాన్ని అనుమతించింది. షాఫయీ మజ్‌హబ్ అనుమతించలేదు. ఫర్గానాకు చెందిన అల్లామా మర్గీనానీ (మరణం 1197) తమ 'హిదాయా'లో ఇంకొక భేదాన్ని చూపారు. మానవ మలాన్ని విడిగా అమ్మడం మక్రూహ్, మట్టితో కలిసిపోయిన తరువాత అమ్మవచ్చు. ఒక వస్తువు స్వభావమే మారిపోతే దాని ఆదేశం కూడా మారుతుందన్న 'ఇస్తిహాలా' సూత్రం కూడా ఇటువంటి చర్చలలోనే పెరిగింది. పేడ కాలి బూడిద అయితే అది పేడ కాదు, బూడిదే.

అదే పన్నెండవ శతాబ్దంలో, ముస్లిం ప్రపంచం రెండవ కొసన, స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో ఇబ్నుల్ అవ్వామ్ 'కితాబుల్ ఫిలాహా' అనే బృహత్ వ్యవసాయ గ్రంథాన్ని రచించాడు. అందులో ఒక అధ్యాయం మొత్తం ఎరువులకే కేటాయించాడు. ఆయనకు నూరేళ్ల ముందు తులైతులా (టొలెడో) నివాసి ఇబ్నె బస్సాల్ కూడా ఎరువులను రకాలుగా విభజించి, ఏ నేలకు ఏది తగునో తెలిపాడు. గుర్రపు పెంట, గొర్రెల పెంట, పావురాల రెట్ట, హమ్మాముల బూడిద, ఇంటి ఊడ్పులు - ఒక్కొక్కదాని వేడి, చలువ, తేమ, పొడి గుణాలను వారు పరిశీలించారు. పచ్చి పెంట వేస్తే మొక్క దెబ్బతింటుందని, దానిని కుప్పగా వేసి మాగనివ్వాలని బోధించారు. సూక్ష్మజీవి అన్న భావన వారికి లేదు. కాని కుప్పలో ఏదో 'వేడి' పనిచేస్తున్నదని, ఆ వేడి చల్లారినదాకా ఆగాలని చేతి అనుభవంతో తెలుసుకున్నారు.

ఇండోర్ కుప్ప

ఆ వేడి రహస్యం ఇరవయ్యవ శతాబ్దంలో ఒక పద్ధతిగా రూపొందినది మన దేశంలోనే. 1905లో పూసా వ్యవసాయ పరిశోధనాలయానికి వచ్చిన ఆల్బర్ట్ హోవార్డ్ 1924 నుండి 1931 వరకు ఇండోర్‌లో పనిచేశాడు. భారతీయ రైతులను తన గురువులుగా చెప్పుకున్న శాస్త్రజ్ఞుడాయన. చెత్త, పేడ, పశుమూత్రం ఇంకిన మట్టి, కట్టె బూడిద - వీటిని పొరలుగా పేర్చి, తగినంత తడిపి, మధ్యమధ్య తిరగవేస్తే సుమారు మూడు నెలలలో చక్కని ఎరువు తయారవుతుందని నిరూపించాడు. సహోద్యోగి యశ్వంత్ వాద్‌తో కలిసి 1931లో ఈ 'ఇండోర్ పద్ధతి'ని గ్రంథరూపంలో ప్రచురించాడు. 1939లో బెంగుళూరులో సి.ఎన్. ఆచార్య తిరగవేసే శ్రమ లేకుండా, పట్టణపు చెత్తను గోతులలో పూడ్చి మాగబెట్టే మరొక పద్ధతిని రూపొందించాడు. దీనికి కాలం ఎక్కువ పడుతుంది, శ్రమ తక్కువ.

కుప్పలో జరిగేది ఏమిటి? మొదట సాధారణ ఉష్ణంలో బ్రతికే బాక్టీరియా మెత్తని పదార్థాలను తినసాగుతుంది. దాని శ్వాసక్రియవల్లనే కుప్ప వేడెక్కుతుంది. 45 డిగ్రీలు దాటగానే ఆ జాతులు తగ్గి వేడిని తట్టుకొనే జాతులు విజృంభిస్తాయి. పెద్ద కుప్పలో వేడి 55 నుండి 65 డిగ్రీల దాకా పోయి, రోగక్రిములను, కలుపు విత్తనాలను నశింపజేస్తుంది. తరువాత కుప్ప చల్లారుతుంది. అప్పుడు శిలీంధ్రాలు, ఆక్టినోమైసిటీసు గట్టి పీచును జీర్ణిస్తాయి. తొలకరి వాన పడినపుడు లేచే మట్టివాసన ఈ ఆక్టినోమైసిటీసుదే.

ఈ జీవుల విషయంలో మన డెల్టా బిడ్డ ఒకరిని తలచుకోవాలి. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పర్యవేక్షణలోని అమెరికా పరిశోధనాలయంలోనే, మట్టిలోని ఇటువంటి ఒక జీవినుండి ఆరియోమైసిన్ ఔషధం వెలువడింది. అది 1948లో లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆయన కన్నుమూశారు. మనం కాలితో తొక్కే మన్నులోనే మన ప్రాణాలు నిలిపే మందు ఉన్నదన్న మాట!

కుప్ప ఊరవతలికి పోయింది

1960 దశకంలో పరిస్థితి మారింది. 1967లో విశాఖపట్నంలో ఎరువుల కర్మాగారం పని ప్రారంభించింది. ఐ.ఆర్.8 వంటి పొట్టి వరి రకాలు ఆ కాలంలోనే గోదావరి, కృష్ణా డెల్టాలకు వచ్చాయి. దిగుబడులు పెరిగాయి, ఎందరి ఆకలో తీరింది. ఆ మేలును కాదనడం కృతఘ్నత అవుతుంది. అయితే యూరియా బస్తా ఇంటికి వచ్చిన తరువాత పెంటకుప్పను పట్టించుకొనేవారు తగ్గారు. ట్రాక్టరు వచ్చి ఎడ్లు పోయాయి. కోత యంత్రం వచ్చిన తరువాత గడ్డిని చేలోనే తగులబెట్టడం కూడా చూస్తున్నాం.

పట్టణంలో మార్పు మరింత తీవ్రం. 1888లో మునిసిపాలిటీగా, 1981లో కార్పొరేషన్‌గా ఏర్పడిన విజయవాడ పెరిగినకొద్దీ ఇంటి పెరడు మాయమైంది. వంటింటి తొక్కలు, ప్లాస్టిక్ ఒకే సంచిలో కలిసి బయటికి పోయాయి. ఏళ్లతరబడి నగరం చెత్త సింగ్‌నగర్‌లో గుట్టపడింది. ఆ వాసన భరించినవారు ఆ చుట్టుపక్కల నివసించే పేదలు, కూలీలు. ఆ చెత్తను చేతులతో ఏరినవారు సమాజం ఏనాడూ పక్కన కూర్చోబెట్టుకోని కులాలవారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ పరిసరాలు నీట మునిగినపుడు కూడా, నీరు తీసిన తరువాత బురదను, కుళ్లిన చెత్తను ఎత్తినది ఆ చేతులే. మనం శుభ్రంగా ఉండటానికి మరొకరిని అశుభ్రంలోకి నెట్టడం ఏ విధమైన తహారత్ అవుతుందో ప్రతి ఒక్కరూ ఆలోచించాలి.

ఈ అలవాటును మళ్లించే ప్రయత్నాలు జరగకపోలేదు. తడి, పొడి చెత్తను ఇంటివద్దనే వేరుచేయాలని 2016లో కేంద్ర నిబంధనలు వచ్చాయి. 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో పది లక్షలకు మించిన నగరాలలో విజయవాడకు మూడవ స్థానం దక్కింది. మొదటి స్థానం ఇండోర్‌ది, హోవార్డ్ కుప్పలు వేసిన ఆ ఇండోర్‌దే.

ఇంటి కుప్పను బ్రతికించుకోవడం

పెరడు లేనివారికి మేడమీద కంతలు పెట్టిన డ్రమ్ము చాలు. సూక్ష్మజీవులకు కావలసినవి నాలుగే: తిండి, గాలి, తడి, తగినంత రాశి. కూర తొక్కలు, టీ పిప్పి వంటి పచ్చి పదార్థాలలో నత్రజని ఎక్కువ. ఎండుటాకులు, వరిగడ్డి ముక్కలు, కొబ్బరి పీచులో కర్బనం ఎక్కువ. ఒక పాలు నత్రజనికి 25 నుండి 30 పాళ్లు కర్బనం ఉంటే కుప్ప చక్కగా సాగుతుంది. ఇంటి లెక్కలో ఒక గిన్నె పచ్చి చెత్తకు రెండు గిన్నెల ఎండుటాకు వేస్తే సరిపోతుంది. ఊక త్వరగా చివకదు గనుక మితంగా వేయాలి. గుప్పెడు పేడగాని, పాత ఎరువుగాని కలిపితే పని త్వరగా మొదలవుతుంది.

చేతితో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, కారకూడదు. మే నెల బెజవాడ ఎండలో కుప్ప ఎండి జీవులు నిద్రపోతాయి. నీడలో ఉంచి తడి గోనెపట్టా కప్పాలి. శ్రావణ భాద్రపదాలలో వాననీరు నిండి గాలి ఆడదు, అప్పుడే దుర్వాసన పుడుతుంది. పైన మూత వేసి, ఎండుటాకు కలిపి తిరగవేస్తే రెండు మూడు రోజులలో వాసన పోతుంది. వారానికొకసారి తిరగవేయడం మంచిది. ఇంటి కుప్ప చిన్నది గనుక పెద్ద కుప్పంత వేడి నిలవదు. అందుచేత మాంసం, ఎముకలు, కుక్క పిల్లుల మలం అందులో వేయరాదు. బక్రీదునాడు ఖుర్బానీ పశువు పొట్టలోని మేతపెంట కుప్పకు మంచి తోడు. దానికి తగినంత ఎండుటాకు కలిపితే చాలు. రక్తాన్ని, వ్యర్థ భాగాలను మాత్రం కాలువలో పారవేయక లోతుగా పాతిపెట్టాలి, లేదా నగర సిబ్బందికి అప్పగించాలి.

మూడు నాలుగు నెలలకు కుప్ప నల్లగా, పొడిపొడిగా, మట్టివాసనతో తయారవుతుంది. ఏ తొక్క ఏదో గుర్తు పట్టలేరు. ఫుఖహాలు చెప్పిన స్వభావ పరివర్తనకు ఇంతకంటె సులభమైన ఉదాహరణ మన ఇంటిలో దొరకదు.

ఒక మొక్క నాటితే దాని ఫలాన్ని పక్షి తిన్నా, పశువు తిన్నా, మనిషి తిన్నా నాటినవానికి సదఖా పుణ్యం లభిస్తుందన్న హదీసు పాఠకులకు తెలిసిందే. ఆ మొక్కకు మొదలు మన్ను. ఆ మన్నుకు మనం బాకీ ఉన్నాం. ఆనకట్ట కట్టిన తరం నీరిచ్చింది, యూరియా వాడిన తరం గింజలిచ్చింది. మన్ను బాకీ తీర్చవలసిన వంతు మనది. అది మన వంటింటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది.