మన ఊళ్లో ఉన్నది నిజంగా పమేరియనేనా? ఒక బుల్లి కుక్క చరిత్ర

మన రేగొండలో గానీ, పరకాలలో గానీ, భూపాలపల్లిలో గానీ తెల్లగా, బొచ్చుగా, తోక వీపు మీదికి తిప్పుకున్న కుక్క కనిపిస్తే మనం అనే మాట ఒక్కటే: "అగో, పమేరియన్!" కానీ అట్ల పిలిచే కుక్కల్లో చాలావరకు పమేరియన్లు కావు. మరి అవి ఏంటి? ఈ రోజు ఆ కథ చెప్పుకుందాం. కుక్కపిల్లను కొనాలనుకునేవాళ్లు చివరిదాకా వినండి, ఇది మీ జేబుకూ, ఆ కుక్క ప్రాణానికీ సంబంధించిన విషయం.

ముందు పేరు సంగతి. పొమెరేనియా అంటే బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న ప్రాంతం. ఇప్పుడు కొంత పోలండ్‌లో, కొంత జర్మనీలో ఉంది. అక్కడి స్పిట్జ్ కుక్కలే దీని పూర్వీకులు. చలికి తగ్గట్టు ఒంటి నిండా మందపాటి బొచ్చు. అప్పట్లో అవి ఇంత చిన్నగా కూడా లేవు.

మరి ఎట్ల చిన్నగైనయి? 1888లో విక్టోరియా రాణి ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరానికి వెళ్లినప్పుడు మార్కో అనే చిన్న పమేరియన్‌ను తెచ్చుకుంది. బరువు దాదాపు ఐదున్నర కిలోలు. 1891లో లండన్‌లో జరిగిన క్రఫ్ట్స్ డాగ్ షోలో రాణిగారి పమేరియన్లను కూడా ప్రదర్శించారు. రాణి దగ్గర చిన్న కుక్క ఉందంటే మిగతావాళ్లు ఊరుకుంటారా? అందరికీ చిన్నదే కావాలె. పెంపకందారులు ప్రతి తరంలో చిన్నవాటినే ఎంచి జతకట్టించారు. అట్ల తగ్గుతూ తగ్గుతూ ఈ రోజు అసలు పమేరియన్ బరువు సుమారు ఒకటిన్నర నుంచి మూడు కిలోలే.

1912లో టైటానిక్ మునిగినప్పుడు మూడు కుక్కలే బతికాయి, వాటిలో రెండు పమేరియన్లు. చంకలో పెట్టుకుని పడవ ఎక్కించేంత చిన్నవి గదా!

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. బ్రిటిష్ కాలంలో మన దేశానికి వచ్చిన స్పిట్జ్ కుక్కల సంతతి ఇక్కడి ఎండకు అలవాటు పడుతూ వేరే రకంగా తయారైంది. దాని పేరు ఇండియన్ స్పిట్జ్. 1994లో హిందీలో వచ్చి, తెలుగులో 'ప్రేమాలయం'గా డబ్ అయిన సినిమాలో టఫీ గుర్తుందా? అది ఈ రకమే. మన వీధుల్లో 'పమేరియన్' అని పిలిపించుకునేది కూడా ఎక్కువగా ఇదే.

తేడా ఎట్ల పట్టాలె? పమేరియన్ మూతి పొట్టిగా, ముఖం గుండ్రంగా, ఒళ్లు బంతిలాగ ఉంటది. ఇండియన్ స్పిట్జ్ మూతి కొంచెం పొడుగు, చెవులు పెద్దవి, బొచ్చు పలచన. చిన్న రకమే ఐదు నుంచి ఏడు కిలోలు ఉంటది. రెండూ తెలివైనవే. గేటు దగ్గర ఎవరి అడుగు చప్పుడు వినిపించినా మొరుగుతయి.

అసలు విషయం ఇక్కడుంది. పమేరియన్ బొచ్చు చలిదేశపు బొచ్చు. కుక్కకు మనలాగ ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూనే వేడి దించుకుంటది. మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలకు పోతది. ఆ ఎండలో రేకుల షెడ్డు కింద కట్టేస్తే దాని ప్రాణం మీదికి వస్తది. ఎండకాలమని బొచ్చు మొత్తం గొరిగించొద్దు, మళ్లీ సరిగా రాకపోవచ్చు. పైగా ఇంత చిన్న ఒంట్లో మోకాలి చిప్ప జారడం, గొంతు గొట్టం నొక్కుకుపోవడం లాంటి ఇబ్బందులు ఎక్కువ. అందుకే మెడకు గొలుసు కాదు, ఛాతీకి పట్టీ వేయాలె.

ఇంకోటి. 2017 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదు. 'ఎంత చిన్నదో చూడండి' అని ఎవరైనా చూపిస్తే, అది చిన్న జాతా, లేక తల్లి పాలు ఇంకా మానని పిల్లా అని అడగండి. తల్లిని చూపించమనండి.

అందుకే ఫ్రెండ్స్, పమేరియన్ ధర పెట్టి ఇండియన్ స్పిట్జ్ కొని, తర్వాత 'ఒరిజినల్ కాదట' అని దాన్ని తక్కువ చేయకండి. మన ఎండను తట్టుకునే కుక్క అదే. రాణిగారి ముచ్చట కోసం చిన్నగైన కుక్క కథ విన్నారు గదా, మన ముచ్చట కోసం ఇంకో కుక్క కష్టపడొద్దు. మళ్లీ కలుద్దాం, ఉంటా.