సీసపు ముద్రలు చెప్పే రూమీ సుంకాల కథ

అరబ్బు చరిత్రకారులు ‘రూమ్’ అని పిలిచిన బైజాంటైన్ సామ్రాజ్యపు దఫ్తరాలు చాలామటుకు నశించాయి. మట్టిలో మిగిలినవి ఆ పత్రాలకు వేసిన సీసపు ముద్రలు. బిళ్ళ మధ్య సన్నని రంధ్రంలో పత్రపు దారం దూర్చి, పట్టకారు వంటి ఇనుప పనిముట్టుతో నొక్కితే రెండు వైపులా అచ్చు పడేది. వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ సంస్థ ఒక్కదానిలోనే ఇవి సుమారు 17,000 ఉన్నాయి.

వీటిలో 7, 8 శతాబ్దాల ‘కొమ్మెర్కియారియోస్’ అధికారుల ముద్రలు పండితులను చాలా వేధించాయి. చక్రవర్తి బొమ్మ, అధికారి పేరు, ఏ రాష్ట్రపు గిడ్డంగి, పన్నుల లెక్కకు వాడే 15 ఏళ్ళ ఆవృత్తిలో ఎన్నో ఏడు, ఇవన్నీ ఉంటాయి. గిడ్డంగిలో ఏముందో మాత్రం ఉండదు. సైనికులకు అందించే ఆయుధాలూ సామగ్రీ అన్నారు మైఖేల్ హెండీ 1985లో. కాదు, పట్టు అన్నారు నికొలాస్ ఒయికొనొమిడెస్ మరుసటి ఏడు. సైన్యం కోసం వస్తు రూపంలో వసూలైన పన్ను అన్నది 2002లో వోల్ఫ్రామ్ బ్రాండెస్ అభిప్రాయం. గిడ్డంగి ముద్రలపై పట్టు అనే మాటే లేకపోవడం రెండవ వాదానికి చిన్న లోపం కాదు.

సరుకు పేరు చెప్పే ముద్రల గుంపు ఒకటుంది. అవి 694-95 నాటివి, అధికారి పేరు జార్జి, సరుకు బానిసలు! దీని వెనుక కథ ఉంది. రెండవ జస్టీనియన్ చక్రవర్తి స్లావు జాతివారిని ఆసియా మైనర్‌కు తరలించి, వారిలో 30,000 మందితో సేన కూర్చాడు. 692-93 ప్రాంతంలో సెబస్టోపోలిస్ యుద్ధంలో వారిలో 20,000 మంది ఖలీఫా అబ్దుల్ మలిక్ సోదరుడు ముహమ్మద్ బిన్ మర్వాన్ పక్షం చేరారు. మిగిలినవారిని భార్యాబిడ్డలతో సహా చక్రవర్తి చంపించాడని 9వ శతాబ్ది ఆరంభంలో థియోఫనీస్ వ్రాశాడు. ఆ మరుసటి ఏళ్ళలోనే బిథీనియా మొదలైన రాష్ట్రాల పేర్లతో ఈ ముద్రలు వెలువడ్డాయి. అందువల్ల, అందరినీ చంపలేదనీ, ఆ కుటుంబాలలో చాలామందిని అమ్మివేశారనీ కొందరు పండితులు తలచారు. అందరూ ఒప్పుకోలేదు. అయినా, శతాబ్దం తర్వాతి వృత్తాంతం కన్నా ఆ ఏటి సర్కారు ముద్రకే ఎక్కువ విలువ ఇవ్వడం న్యాయం.

తర్వాతి కాలంలో ఇదే పేరు గల అధికారి పదో వంతు సుంకం వసూలు చేసేవాడు. పదో వంతు ముస్లిములకు కొత్త కాదు. హజ్రత్ ఉమర్ (రజి) హర్బీ వర్తకులపై విధించిన ఉష్ర్ గురించి ఇమామ్ అబూ యూసుఫ్ ‘కితాబుల్ ఖరాజ్’లో ప్రస్తావించారు. హిజ్రీ 359 సఫర్ మాసంలో, అంటే 969 చివరా 970 మొదటా, హలబ్ పాలకుడు ఖర్గుయా రూమ్‌తో కుదుర్చుకున్న సంధి షరతులను ఇబ్నుల్ అదీమ్ భద్రపరిచాడు. దాని ప్రకారం చక్రవర్తి సుంకాధికారి హలబ్ సుంకాధికారి పక్కనే కూర్చోవాలి. బంగారం, వెండి, ముత్యాలు, రూమీ జరీవస్త్రాలు, ముడి పట్టు, వీటిపై పదో వంతు చక్రవర్తికి. సాధారణ వస్త్రాలు, నార బట్టలు, పశువులపై సుంకం ఖర్గుయాకు.