సాంకేతికతపై ధార్మిక దృష్టి: కార్వేటినగరం, తిరుపతి ప్రాంతం

చిత్తూరు జిల్లా కార్వేటినగరం ఒకప్పటి జమీందారీ రాజధాని. పదకర్త సారంగపాణి పదాలు ఇక్కడి వేణుగోపాలస్వామికి అంకితమైనవే. ఆ గుడి ఇప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానాల నిర్వహణలో ఉంది. ఈ ప్రాంతపు వైష్ణవ సంప్రదాయం కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా అది మంచిదా చెడ్డదా అని తేల్చడం కన్నా, ఎంతవరకు రానివ్వాలో నిర్ణయించడం మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టింది. ఆ సంగతి తిరుమలలో స్పష్టంగా కనిపిస్తుంది.

కొండ దారి

తిరుమల కొండను ఆదిశేషుడి రూపంగా కొలుస్తారు. కాలు మోపడానికి మనసొప్పక రామానుజులు మోకాళ్లతో ఎక్కారని చెప్పే చోటు మోకాళ్ల పర్వతం. అంతటి కొండ మీదికి 1944లో మోటారు దారి పడింది, 1974లో రెండోది వచ్చింది. కాలినడక మొక్కు మాత్రం పోలేదు. బస్సును ఒప్పుకున్న సంప్రదాయమే విమానాన్ని ఒప్పుకోలేదు. ఆలయం మీదుగా విమానాలు ఎగరడం ఆగమ విరుద్ధమని, ఆ గగనతలాన్ని నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించాలని దేవస్థానం కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతూ వచ్చింది.

గర్భాలయం, ప్రసారం

తిరుమల పూజావిధానం వైఖానస ఆగమానిది. అందులో స్వామికి అయిదు బేరాలు, అంటే విగ్రహ రూపాలు. ధ్రువబేరమైన మూలవిరాట్టు కదలదు. కౌతుకబేరం భోగ శ్రీనివాసుడు, స్నపనబేరం ఉగ్ర శ్రీనివాసుడు, బలిబేరం కొలువు శ్రీనివాసుడు. జనం మధ్యకు ఊరేగి వచ్చేది ఉత్సవబేరమైన మలయప్ప. 2008లో మొదలైన శ్రీవేంకటేశ్వర భక్తి ఛానల్ ఈ పాత ఏర్పాటులో తేలిగ్గా ఇమిడిపోయిందని చెప్పవచ్చు. వాహనసేవల్లో, కల్యాణోత్సవంలో ప్రేక్షకులు చూసేది మలయప్పనే. మూలవిరాట్టును ఫొటో తీయనివ్వరు. గర్భాలయంలో వెలుగు దీపాలదే, విద్యుత్తుది కాదు.

2020 మార్చిలో కరోనా వల్ల భక్తుల దర్శనం ఆగింది. ఆగస్టులో ఆన్‌లైన్ కల్యాణోత్సవం మొదలైంది. గృహస్థులు ఇంట్లోనే సంప్రదాయ వస్త్రాలు కట్టుకుని టీవీ ముందు కూర్చుని, అర్చకుడు చెప్పినప్పుడు తమ గోత్రనామాలు తామే చెప్పుకున్నారు. రాలేని భక్తుడు ముడుపు కట్టి ఇంట్లోనే మొక్కుకోవడం ఏనాటినుంచో ఉంది కనుక దూరం నుంచి చేసే సేవ పూర్తిగా కొత్త ఊహ కాదు. అయితే తలనీలాలకు ఇలాంటి ప్రత్యామ్నాయం లేదు. అంగప్రదక్షిణం టోకెన్లు ఆన్‌లైన్‌లో ఇచ్చినా పొర్లవలసింది భక్తుడి ఒళ్లే. 2023 మార్చిలో ముఖాన్ని గుర్తించే యంత్రాలను ప్రయోగాత్మకంగా పెట్టింది కూడా టోకెన్లు, గదుల వంటి పనుల దగ్గరే, పూజలో కాదు. ఈ విభజనలో వివేకం ఉంది.

మనసును గురించిన ప్రశ్న

ఈ సీమలోనే మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి వేరే వైపు నుంచి ఆలోచించాడు. మనిషి ఆలోచన చేసే పనులన్నీ కంప్యూటర్ చేయగలిగితే ఇక మెదడు ఏమవుతుందని 1980ల తొలి ఏళ్లలో పలుమార్లు అడిగాడు. తీరిక దొరికిన మనిషి వినోదంలో మునిగిపోవచ్చు, లేదా తనలోకి తాను చూసుకోవచ్చు అన్నాడు. పని యంత్రానికి అప్పగించాక మిగిలే మనిషిని గురించి అంత ముందుగా, అంత సూటిగా అడిగినవారు అరుదు. ఇదే ప్రశ్నకు దగ్గరగా, 2025 జనవరిలో వాటికన్ వెలువరించిన ‘ఆంటిక్వా ఎట్ నోవా’ పత్రం కృత్రిమ మేధను చర్చిస్తూ, మనిషి తెలివిని చేసే పనులతోనే కొలవరాదని చెప్పింది. ఆ పత్రానికి ఆధారం మనిషి దేవుడి పోలికలో సృష్టి అయ్యాడన్న విశ్వాసం. కృష్ణమూర్తి మాత్రం ఏ గ్రంథాన్నీ, ఏ గురువునూ ప్రమాణంగా తీసుకోలేదు.