మోటుపల్లి అభయ శాసనం – సముద్రం ఎవరిది?

మన షోలాపూరు నుండి సముద్రాన్ని చూడాలంటే ఒక రాత్రి ప్రయాణం తప్పదు. అయినా ఈ పేటల్లో నేసిన తువ్వాళ్లు ఓడలెక్కి గల్ఫ్ దేశాలకు, ఐరోపాకు పోతూనే ఉన్నాయి. 2023 చివర ఎర్రసముద్రంలో వర్తక నౌకలపై దాడులు మొదలై, ఓడలు ఆఫ్రికాను చుట్టి పోవలసివచ్చిన రోజుల్లో, మగ్గాల ఇంటి బాలిక ఒకతె తరగతిలో లేచి "టీచర్, ఇంతకీ సముద్రం ఎవరిది?" అని ప్రశ్నించింది. నాడు నేనిచ్చిన సమాధానం నాకే తృప్తి నీయలేదు. పిదప ఆలోచింపగా, మన తెలుగు తీరంలోనే రాతిపై చెక్కిన జవాబొకటి కలదని స్ఫురించింది.

బాపట్ల జిల్లాలోని మోటుపల్లి నేడొక చిన్న గ్రామం. కాకతీయుల కాలంలో గొప్ప రేవు. అచ్చటి వీరభద్రాలయంలోని స్తంభంపై గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించినదే అభయ శాసనం. ఆనాటి నావికునికి తుపాను ఒక భయమైతే, ఒడ్డు మరొక భయం. గాలివానకు కొట్టుకువచ్చిన ఓడలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సమస్తాన్నీ పూర్వపు రాజులు బలవంతంగా హరించేవారని ఆ శాసనమే ఒప్పుకొన్నది. ప్రాణానికి తెగించి సముద్రయానం చేసే వర్తకుల నుండి ఇకమీదట నిర్ణీత సుంకం తప్ప మరేమీ గ్రహింపబోమని చక్రవర్తి ప్రకటించాడు. ఆ సుంకం ముప్పదింట ఒక వంతు.

ఇది కేవలం కరుణ అనుకోవడం అమాయకత్వమే. ఓడ వస్తేనే సుంకం, సుంకం వస్తేనే ఖజానా. కాని బలం గల రాజు తన బలానికి తానే హద్దు గీసి, అందరూ చదువుకొనేలా రాతిపై వ్రాయించడం చరిత్రలో తరచు కనబడేది కాదు. ఫలితం తరువాతి తరం చూసింది. 13వ శతాబ్దం చివర మార్కోపోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి అని పేర్కొని, ఇచ్చటి వస్త్రాలు సాలెగూడంత సన్ననివని మెచ్చుకొన్నాడు. నేతవారి బిడ్డలు గర్వించదగిన మాట ఇది! 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మరల అభయమిచ్చాడు.

పోర్చుగీసువారు వచ్చాక రీతి మారింది. 16వ శతాబ్దంలో వారు కర్తాజ్ అనే అనుమతిపత్రం లేని ఓడను పట్టుకొనేవారు. మచిలీపట్నం నుండి వెడలే గోల్కొండ ఓడలకు సైతం అది తప్పలేదు. 1609లో డచ్చి పండితుడు గ్రోషియస్ సముద్రం ఎవరి సొత్తూ కాదని గ్రంథం వ్రాశాడు. అయితే అదే డచ్చివారు బలపడిన పిమ్మట సుగంధద్రవ్యాల దీవులలో ఇతరుల వర్తకాన్ని అడ్డుకొన్నారు. స్వేచ్ఛ కోరిన నోరే కట్టడి విధించడం అప్పుడే మొదలు కాదు, ఇప్పటికీ ఆగలేదు.

1982 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకారం తీరం నుండి 12 నాటికల్ మైళ్ల వరకు ఆ దేశపు ప్రాదేశిక జలాలు. 200 మైళ్ల వరకు చేపలపై, ఖనిజాలపై దానికే హక్కు. నౌకాయానం మాత్రం అందరికీ స్వేచ్ఛ. వివాదమంతా యుద్ధనౌకల దగ్గరే. పరాయి దేశాలు తన 200 మైళ్లలో అనుమతి లేనిదే సైనిక విన్యాసాలు జరుపరాదని భారతదేశం 1995లో ఒడంబడికను ధ్రువీకరిస్తూ చెప్పింది. 2021 ఏప్రిల్ 7న అమెరికా యుద్ధనౌక జాన్ పాల్ జోన్స్ లక్షద్వీపాలకు పశ్చిమంగా 130 మైళ్ల దూరాన అనుమతి కోరకుండానే సాగింది. మన ప్రభుత్వం ఆక్షేపణ తెలిపింది. విచిత్రమేమంటే ఆ ఒడంబడికలో అమెరికా చేరనే లేదు. చేరిన చైనా, దక్షిణ చైనా సముద్రంపై 2016లో వెలువడిన తీర్పును తిరస్కరించింది.

మరుసటి వారం ఆ బాలికకు పటంపై ఈ రెండు గీతలూ గీసి చూపాను. "మరి మా నాయన తువ్వాళ్లు పోయే దారి ఏది టీచర్?" అన్నది. బాబ్ ఎల్ మందేబ్ జలసంధిపై వేలు పెట్టాను. వేలి క్రింద అది కనబడనే లేదు.