ట్రౌట్ చేపా, మడి కట్టుకున్న ఈగా

వీఐయా, ఈమాక్సా అని జుట్లు పట్టుకునే మనవాళ్ళకి ఇంగ్లండులో ట్రౌట్ చేపలు పట్టేవాళ్ళ గొడవ చెప్పి తీరాలి.

వాళ్ళ ఎర వానపాము కాదు. గాలానికి ఈకలూ, దారం చుట్టి చేసిన దొంగ ఈగ. 1886లో ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ అనే ఆయన నీటిమీద తేలే ఈగల తయారీ గురించి పుస్తకం రాశాడు. మంచి పుస్తకమే. కానీ దక్షిణ ఇంగ్లండు సుద్దనేలల నదుల్లో అది కాస్తా శాసనమైపోయింది. చేప పైకొచ్చి తింటూ కనపడాలి, దాని ముందు తేలే ఈగే వెయ్యాలి, ఇంకేం చేసినా నామోషీ!

చిక్కేంటంటే ట్రౌట్ తిండి ఎక్కువగా దొరికేది నీటి లోపలే. రెక్కలు రాకముందు అక్కడ పెరిగే పురుగుల్ని (నింఫ్ అంటారు) తింటుందన్నమాట. ఇచెన్ నదిలో గాలం వేసే స్క్యూస్ అనే లాయరు, పట్టిన చేపల పొట్టలో ఏముందో చూసి మరీ ఈగలు కట్టేవాడు. మునిగే ఈగా న్యాయమేనని 1910లో పుస్తకం రాశాడు. డేటా చూపించినా భక్తులు వింటారా?

హాల్ఫర్డ్ 1914లో పోయాడు, శిష్యులు మాత్రం వదల్లేదు. 1938లో లండన్ ఫ్లైఫిషర్స్ క్లబ్బులో దీనిమీద ఏకంగా చర్చ పెట్టారు. ఎనభైకి దగ్గరపడ్డ స్క్యూస్ అక్కడ తన పురుగు తరఫున వాదించుకోవాల్సొచ్చింది.

ఇప్పుడు నింఫ్ వెయ్యడం మామూలే. అయినా ఆ నదుల్లో కొన్నిచోట్ల జులై 1 దాకా తేలే ఈగే వెయ్యాలి.